పాతపూలకు కాగితపు రూపము



మీలో అరువదేండ్లు దాటినవారికి ఒక దృశ్యము జ్ఞాపకముండక పోదు. శ్రీరామనవమి వచ్చుచున్నదనగా ఊరిలో పందిరి వేయుదురు. వెదురుదబ్బలకు రంగుకాగితములు అంటించు పనివాడొకడు అరుగుమీద కూర్చుండును. చదరపు కాగితమును మూడుమార్లు మడిచి, కత్తెరతో రెండు వంపులు కోసి విప్పును. విప్పగానే ఎనిమిది రేకుల పద్మము! చుట్టుజేరిన పిల్లలము నోరు తెరచుకొని చూచుచుండెడివారము. అతడు చిత్రలేఖనము చదివినవాడు కాడు. మూడు మడతలకు ఎనిమిది భాగములగునని అతని వ్రేళ్ళకు తెలియును, అంతియే.

ఇప్పుడు పెక్కు ఊళ్ళలో ఆ పందిరి స్థానమున ఫ్లెక్సీ వ్రేలాడుచున్నది. ఒక్కపూటలో అచ్చయి వచ్చును. పండుగ మరునాడు పాకకు చాటుగానో, ధాన్యపు కుప్పపై కప్పుగానో పోవును. నేను దానిని నిందించుటకు రాలేదు. దానికి ధర తక్కువ, శ్రమ తక్కువ. అయితే అది వచ్చినచోట ఒక విద్య పోవుచున్నది. ఆ విద్యను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచినాను. మన దేవాలయ స్తంభములమీదను, పాత గుడ్డల అంచులమీదను పూర్వులు వేసిన పూలను, తీగలను కాగితముతో నిలువెత్తు శిల్పములుగా మలచి, పండుగలకును ప్రదర్శనలకును నిలుపుట ఎట్లు, దానివలన ప్రయోజనమేమి అనునది నా ప్రసంగవిషయము.

నాకీ పని యెట్లు అబ్బినదో ముందు చెప్పవలెను. మాది సోమల. చిత్రలేఖనోపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నాలుగేండ్ల క్రిందట మా ఊరి గుడిసామానుల పెట్టెను శుభ్రము చేయుచుండగా అడుగున ఒక కాళహస్తి కలంకారీ గుడ్డ కనబడినది. పూర్వము ఉత్సవవిగ్రహముల వెనుక తెరగా కట్టుచుండిరట. మడతలవెంట చిరిగియున్నది. ఒక మూలను చెదలు తినివేసినవి. నడుమనున్న దేవతారూపములు వెలసిపోయినవి. కాని అంచున పారిన పూలతీగ మాత్రము ఇంకను ఎఱ్ఱగా, నల్లగా స్పష్టముగానున్నది. దీనిని ఏటిలో విడిచి క్రొత్త ఫ్లెక్సీ తెప్పింతమని కొందరనిరి. నాకు నెలదినములు గడువిండని వేడుకొని ఇంటికి తెచ్చుకొంటిని. ఆ నెల నాలుగేండ్లయినది.

ఆ తీగ అంత కాలము ఎట్లు నిలిచినది? కలంకారీ పని తెలిసినవారికి ఇందు వింత లేదు. నూలుగుడ్డను ముందుగా కరక్కాయ కషాయమునను, గేదెపాలలోను తడిపి ఆరబెట్టుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టును. పాలలోని జిడ్డు రంగు చెమ్మగిల్లి ప్రక్కకు ప్రాకకుండ ఆపును. చింతపుల్లల బొగ్గుతో రూపమును గీచుకొని, మొనకు ఉన్ని చుట్టిన వెదురుకలముతో నల్లగీత వేయుదురు. పాత ఇనుపముక్కలు, బెల్లము నీటిలో నాననిచ్చి పులియబెట్టినదే ఆ నలుపు. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడి పీచులో నిలిచిపోవును. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి, చిరువేరు, మంజిష్ఠ మొదలగు వేళ్ళతో కాచుదురు. నీలము నీలిమందుది. ఇన్ని నీళ్ళలో తడిసి, ఇన్ని ఎండలలో ఆరిన గీత తరములపాటు నిలుచుటలో వింత యేమున్నది?

ఈ పూలు మన ఊరిలో మాత్రమే తిరిగినవి కావు. పదిహేడు, పదునెనిమిదవ శతాబ్దములలో మన తూర్పుతీరపు పూలగుడ్డలు మచిలీపట్టణము మొదలగు రేవులనుండి ఓడలమీద ఐరోపాకు పోయినవి. మిట్టపై ఒక చెట్టు, దాని కొమ్మకొక జాతి పువ్వు గల పెద్ద మంచపుదుప్పట్లకు అక్కడ ఎంత గిరాకి కలిగినదనగా, తమ నేతగాండ్రు చెడిపోవుచున్నారని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో ఒకటి శాసనములు చేసి వానిని అడ్డగించినది. రాజ్యములు శాసనములు చేసి ఆపవలసివచ్చిన పూలను మనము చెదలకు వదలివేయుట న్యాయమా? లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఆనాటి మన గుడ్డలను నేటికిని భద్రపరచియున్నారు.

గుడ్డ సంగతి యట్లుండగా, రాతి సంగతి చూతము. మా ప్రాంతమువారు మదనపల్లె, కదిరి, హిందూపురము మీదుగా లేపాక్షి పోవుదురు. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, అనగా పదునారవ శతాబ్దములో, విరూపణ్ణ ఆ వీరభద్రాలయమును కట్టించెను. అందఱును బసవన్నను చూతురు, వ్రేలాడు స్తంభమును చూతురు. పూర్తికాని కల్యాణమండపమునకు చేరువనున్న లతామండపమున కొంచెము ఆగుదురు గాక! అక్కడి స్తంభముల పలకలమీద తీగలు, పూలు, చిలుకలు, గడులు రకరకములుగా చెక్కియున్నవి. ఒక పలక చూచినవాడు రెండవ పలకలోను అదే పని యుండునని పొరపడరాదు. నేతగాండ్రు ఆ నమూనాలను చీరల అంచులకు తీసికొనిరి. కప్పుమీది వర్ణచిత్రములలోని స్త్రీపురుషులు కట్టిన వస్త్రములందును పూలపని కలదు. రాతినుండి చీరకు, చీరనుండి గోడకు, గోడనుండి ముగ్గునకు మన పూలు ఇట్లు నడచుచునే యున్నవి. కాగితము వాని నడకలో మరియొక మజిలీ.

ఇక పనిలోనికి వత్తము.

మొదటి మెట్టు చదువుట. పూలచిత్రమును కూడ పద్యమువలె చదువవలసియున్నది. ముందుగా తీగను వెదకవలెను. ఎక్కడ పుట్టినది, ఎటు మళ్ళినది, ఎక్కడ కొమ్మ విడిచినది అని వ్రేలితో వెంబడించవలెను. తరువాత పల్లవిని వెదకవలెను. పాటలో పల్లవి మరల మరల వచ్చునట్లు అంచులో ఒక భాగము తిరిగి తిరిగి వచ్చును. మా గుడ్డలో ఆ భాగము 22½ అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పు. అది తెలిసినచో మిగిలినదంతయు తెలిసినట్లే.

మూడవది చాల ముఖ్యము. ఒక రేకు మరియొక రేకును దాటుచోట చూడుడు. ఒక గీత ఆగిపోవును, ఒకటి ఆగక సాగును. ఆగిన గీత వెనుక రేకుది. సాగిన గీత ముందు రేకుది. బల్లపరుపు గుడ్డమీద పూర్వులు లోతును ఈ విధముగా దాచియుంచిరి. ఈ సంగతి గ్రహించి ప్రతి రేకునకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసికొన్నచో శిల్పములో ఏది వెనుక, ఏది ముందు అనునది పూర్వులే చెప్పినట్లగును.

నకలు తీయునప్పుడు ఒక జాగ్రత్త. రాతిమీద కాగితము పెట్టి బొగ్గుతో రుద్దుట కూడదు. లేపాక్షి వంటివి రక్షితస్థలములు. మన చేతిచెమట కూడ వర్ణములకు కీడే. దూరమునుండి ఛాయాచిత్రము తీసి, ఇంట గీసికొనవలెను. పాత గుడ్డనైనచో పరుపుమీద పరచి, పైన గాజుపలక వేసి, దానిపై పలుచని కాగితముంచి గీయవలెను.

రెండవ మెట్టు పెంచుట. చిత్రముపై అంగుళమునకొక గడి గీసి, నేలమీద సుద్దతో పెద్ద గడులు గీసి, గడికి గడి చూచుకొని దింపవలెను. చుక్కలముగ్గు వేయు ఆడవారికి ఇది నేర్పనక్కరలేదు. మా యింటివారు నాకంటె త్వరగా దింపిరి. నేను 8 రెట్లు పెంచితిని. వెడల్పు 6 అడుగులు, పొడవు 15 అడుగులు అయినది. ఇక్కడ లెక్క మరువరాదు. పొడవు 8 రెట్లయిన కాగితము 64 రెట్లు పట్టును. కాగితపు గట్టిదనము మాత్రము పెరుగదు. అరచేతంత రేకు తానై నిలుచును. మోచేతంత రేకు వ్రేలాడును. పెద్దదానికి ఆధారము కావలెను.

మూడవ మెట్టు కాగితము నెన్నుట. మరకాగితమునకు కట్టెవలె పీచు దిక్కు కలదు. రెండు ప్రక్కలకును మెల్లగా వంచి చూడుడు. ఒక ప్రక్కకు సులువుగా చుట్టుకొనును, మరియొక ప్రక్కకు ఎదురుతిరుగును. చుట్ట యే దిక్కున పొడవుగానున్నదో పీచు ఆ దిక్కుననే సాగియున్నదని తెలియవలెను. రేకు పొడవు పీచువెంట నుండునట్లు కత్తిరించినచో రేకు నిలుచును. అడ్డముగా కత్తిరించినచో తల వాల్చును. వ్రాతకాగితము చదరపు మీటరునకు 70, 80 గ్రాములు తూగును. రేకులకు 120 మొదలు 160 గ్రాములది, కాడలకు, ఆధారములకు 200 గ్రాములు దాటినది వాడుట మంచిది. చేతితో తీసిన కాగితమునకు పీచు దిక్కు అంతగా నుండదు గనుక ఎటు వంచినను ఒకే తీరున వంగును.

నాలుగవ మెట్టు రూపు కట్టుట. ఇందు మూడు ఉపాయములు కలవు. మొదటిది మడతగీత. తాటియాకులపై వ్రాసిన గంటమువంటి మొండి మొనతో కాగితము తెగకుండ ఒత్తి గీచి, ఆ గీతవెంట మడచుట. గీతను వంకరగా గీచి మడచినచో ఆకు రెండు ప్రక్కలును తమంతట తామే లేచి తమలపాకువలె నడుమ ఈనె దేరును. తాటియాకును చూడుడు. ఆ మడతలు లేనిచో అంత వెడల్పుటాకు తన బరువునకు తానే క్రుంగిపోవును గదా. మనము మడతవలన కాగితమునకు అట్టి బలమును ఇచ్చుచున్నాము.

రెండవది చీలిక. రేకు అడుగున చిన్న చీలిక కోసి, రెండంచులను ఒకదానిపై నొకటి జరిపి అంటించినచో బల్లపరుపు రేకు దొన్నె యగును. ఎంత జరిపిన అంత లోతు. గుండ్రని కాగితమును సగమునకు కోసి, ఆ సగమును చుట్టినచో ఏర్పడు గరాటు ఎటునుండి చూచినను సమానభుజముల త్రిభుజముగా కనబడును. ఇది కొలత తప్పని లెక్క. ఉమ్మెత్త పువ్వు, మొగ్గల తొడిమ ఇట్లే చేయుదుము.

మూడవది చుట్ట. రేకుకొనను మొండికత్తి అంచుపై లాగి ముడుచుకొనునట్లు చేయుట. చూచుటకు మిక్కిలి అందము, కాని నమ్మరానిది. ఎందుకు నమ్మరాదో కొంచెము సేపటిలో చెప్పెదను.

బంకకు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, విసరి, ఉడికించిన అంబలి మంచిది. కొండపల్లి బొమ్మలవారు రంపపు పొట్టుతో కలిపి బొమ్మలు అతుకునది ఈ చింతగింజల జిగురుతోనే. పురుగు పట్టకుండుటకు చిటికెడు మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక పిల్లలకును పశువులకును అందనీయరాదు. పూర్తియైన భాగములను వెదురుదబ్బల చట్రమునకు కట్టవలెను. మూడవ అంకె వేసిన వెనుక రేకులు ముందు కట్టి, పొరకు పొరకు నడుమ అంగుళమంత అట్టముక్కలుంచి, రెండవ వరుస, ఒకటవ వరుస కట్టుకొని రావలెను.

ఆ అంగుళపు సందు ఎందుకు? ఈ విద్యలోని ఆయువుపట్టు అదియే. గుడ్డమీద రేకును రేకునుండి విడదీయునది కలముగీత. రాతిమీద విడదీయునది ఉలిగాడి. తెల్లకాగితముమీద విడదీయునది నీడ. పూర్వము కలమును, ఉలియు చేసిన పనిని మనము దీపముచేత చేయింతుము. కావున కాగితపు శిల్పముపై నల్లగీతలు గీయరాదు, రంగులు దట్టింపరాదు. తెల్లగా విడిచి, ఒక ప్రక్కనుండి వెలుగు పడనీయవలెను. ఎదుటినుండి వెలుగు వేసినచో నీడలు చచ్చి, శిల్పమంతయు గోడకంటించిన కాగితమువలె చప్పబడును.

వెలుగును వాడు రెండవ మార్గము కూడ మన సీమలో కలదు. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలవారు మేకతోలును వెలుగు దూరునంత పలుచన చేసి, చిన్న ఉలులతో రంధ్రములు కొట్టి నగలను, పూలను చూపుదురు. వారు ఆ పూలతోలును దీపపుబుట్టలకును మార్చి ఇండ్లలో వ్రేలాడదీయు వస్తువులు చేయుచున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. వారి పనిలో వెలుగు రంధ్రముగుండ వచ్చును. మన కాగితపు పనిలో వెలుగు అంచుపై పడి ఆగును. రెండును అక్కచెల్లెండ్రు.

ఇప్పుడు నా తప్పులు చెప్పెదను. ఒప్పులకంటె అవి మీకు ఎక్కువ ఉపయోగపడును.

మొదట నేను ముక్కోటి ఏకాదశికి గుడిమండపమున నిలిపితిని. రాత్రి దీపములలో చూచినవారెల్లరు మెచ్చిరి. తెల్లవారి పోయి చూతునుగదా, రేకులన్నియు విప్పుకొని వ్రేలాడుచున్నవి! మా మదనపల్లె, పుంగనూరు ప్రాంతము మెట్ట. ధనుర్మాసపు మంచు మీరెరుగనిది కాదు. మండపము మూడు ప్రక్కల తెరపి. కాగితపు పీచు రాత్రియంతయు చెమ్మ పీల్చినది. చుట్టిన చుట్ట తన పూర్వస్థితికి పోయినది. చీలిక కోసి అంటించిన దొన్నెలు, గీచి మడచిన ఆకులు మాత్రము చెక్కుచెదరలేదు. అందువలననే చుట్టను నమ్మరాదంటిని. బయట నిలుపు శిల్పమునకు మడత, చీలిక, ఈ రెండే గతి. పైన కప్పును, గాలి వచ్చు దిక్కున చాటును ఉండవలెను.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. మరల చేయునప్పుడు ఒకే కొలతకు అరువది పూలు చేసి, ఛాయాచిత్రము పట్టుకొని కాళహస్తి పోయితిని. అక్కడ కలము పట్టిన ఒక ముదుసలి దానిని చాలసేపు చూచి, “పూలు బాగున్నవి. తీగ యేది?” అనెను. నాకు సిగ్గు కలిగినది. నేను పూలు చేసి, ఖాళీలలో కాడలు దూర్చితిని. ఆయన విద్యలో తీగ ముందు. పూలు దానిమీద పూచును. ఒక మలుపులో పెద్దది, కొనలో చిన్నది, కొన్ని విరిసినవి, కొన్ని మొగ్గలు. చెట్టున పూయు పువ్వునకు వయస్సు కలదు. కొలతకు కత్తిరించిన పువ్వునకు లేదు. ఇంటికి వచ్చి సగము పూలు విప్పివైచి, తీగనుండి మొదలుపెట్టితిని.

ఆ ఏటి శ్రీరామనవమికి పాఠశాల పిల్లలు పన్నిద్దరు, నేను కలసి 15 అడుగుల తీగను పందిరిలో నిలిపితిమి. అయితే ఒక లోపము మిగిలినది. గుడ్డలో చెదలు తిన్న మూల యున్నది గదా. తీగ పుట్టుచోటు సరిగా ఆ మూలలోనే పోయినది. మన శిల్పములో తీగ ఊరక పుట్టదు. పూర్ణకుంభమునుండియో, మకరము నోటినుండియో, పక్షి ముక్కునుండియో బయలుదేరును. ఏదో ఒకటి యుండవలెనని నేను ఒక కుంభము చేసి పెట్టితిని. ఎవరును తప్పు పట్టలేదు.

పానకము పంచువేళ ఒక అవ్వ కఱ్ఱపట్టుకొని వచ్చి, తీగ వెంబడి చివరివరకు నడచి, కుంభముకడ ఆగినది. “ఈ మూల ఇట్ల కాదు నాయనా. ఈడ చిలక ఉండె. తీగ దాని ముక్కులోనించి బయలుదేరుతుంది” అనినది. ఎట్లు తెలియునని అడిగితిని. ఆమె కోడలుగా ఈ ఊరికి వచ్చిన క్రొత్తలో ఆ తెరగుడ్డ చిరుగక యున్నదట. దానిని చూచి, పండుగదినములలో తన వాకిట అదే చిలుకను, అదే తీగను ముగ్గుగా వేయుచుండెడిదట. ముగ్గుపిండి తెప్పించితిమి. ఆమె వంగలేక వంగి పందిరినేలపై గీచినది. చిలుక మెడ వెనుకకు తిరిగియున్నది. ముక్కునుండి తీగ లేచి మొదటి మలుపు తిరిగినది. గుడ్డమీద మిగిలిన కొనకు ఆ మలుపు అతికినట్లు సరిపోయినది. నా పిల్లలు గబగబ కాగితము తెచ్చి దానిని ఎత్తుకొనిరి.

ఆ అవ్వ మరుసటి యేడు గతించినది. ఆ దినము ఆమె పందిరికి రాకపోయినను, అక్కడ ఫ్లెక్సీయే కట్టియున్నను, ఆ చిలుక ఆమెతోనే పోయియుండును. ఏ గ్రంథములోను అది లేదు. ఆమెను పోయి అడుగవలెనని మాకు తోచియుండదు. ఎందుకనగా ఆమె యొద్ద అది యున్నదని మాకు తెలియదు. పెద్దయెత్తున, నలుగురు నడచుచోట నిలిపిన శిల్పము చేయు మేలు ఇదియే. పుస్తకములోని బొమ్మను ఒక్కడు చూచును. పందిరిలోని తీగను ఊరంతయు చూచి, తెలిసినవారు సరిదిద్దుదురు.

ఇతర దేశములలోను ఈ విద్యకు గౌరవము కలదు. చైనావారి కాగితపు కత్తిరింపును 2009లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. ఇంగ్లండులో మేరీ డిలానీ యను ఆమె 72వ యేట రంగుకాగితములు కత్తిరించి, పొరలుగా అంటించి మొక్కలను చూపు విద్యను కనిపెట్టుకొని, 1782లో చూపు మందగించువరకు దాదాపు వేయి పూలు చేసినది. అవి బ్రిటిషు మ్యూజియమున కలవు. వయస్సు మళ్ళినదని చేతులు ముడుచుకొను మనవంటివారికి ఆమె మంచి పాఠము. బెల్జియము దేశపు ఇజబెల్ ద బోర్ష్‌గ్రావ్ 1994లో న్యూయార్కు ప్రదర్శనశాలలో పూర్వకాలపు దుస్తులను చూచి, వానిని కాగితముతో నిలువెత్తున చేయ మొదలిడినది. కాగితమును నలిపి, చిత్రించి, పట్టు, జరీ అని భ్రమ కలుగునట్లు చేయుచు 2024లో మరణించువరకు ఆ పనిలోనే యుండెను. ఆమె కాగితమును గుడ్డగా భ్రమింపజేసినది. మనము గుడ్డమీది పువ్వును కాగితముగా లేపుచున్నాము. దారులు వేరు; పాత పనివానిపై గౌరవము ఒక్కటే.

మీ ఊరిలో ఎవరైన పూనుకొన్నచో రెండు హెచ్చరికలు. కాగితము నిప్పునకు చుట్టము. శిల్పముకడ నూనెదీపము, కర్పూరము, అగరువత్తి ఉండరాదు. టపాకాయలు దగ్గర కాల్చరాదు. వేడి పుట్టని చిన్న ఎల్.ఇ.డి. దీపములనే, కాగితమునకు తగులకుండ వాడవలెను. బకెట్టు నీరు, ఇసుక చేరువ నుంచవలెను. రెండవది, పండుగ కాగానే చించి పారవేయరాదు. పొరలు విప్పి, అంకెలు చెడకుండ పెట్టెలో పరచినచో మరుసటి యేటికి సగము పని మిగులును. మా తీగకిది మూడవ యేడు. పాడైన రేకులను మాత్రమే మార్చుచున్నాము.

పెద్దలారా, నేను కోరునది కొంచెమే. మీ ఊరి గుడి గడపను, పాత ఇంటి తలుపును, ఉయ్యాలబల్లను, పెట్టె అడుగున నున్న గుడ్డను ఒక్కసారి వెలుగులోనికి తెచ్చి చూడుడు. వాకిట ముగ్గువేయు వృద్ధురాండ్రను, “ఈ పువ్వు మీకెక్కడిది?” అని అడుగుడు. వారు చెప్పినదానిని బడిపిల్లలచేత ఒక పుస్తకములో గీయించి, ఊరి పేరు, సంవత్సరము వ్రాయించుడు. అందులో ఒక్క పువ్వునైనను వచ్చు పండుగకు కాగితముతో నిలువెత్తున నిలుపుడు. అది వంకరగా వచ్చినను చింతలేదు. ఎవరో ఒక అవ్వ వచ్చి, ఈ మూల ఇట్లు కాదని చెప్పవచ్చును.

మా గుడ్డను ఏటిలో విడువలేదు. నూలుబట్టలో చుట్టి, మడత పెట్టక, కఱ్ఱకు చుట్టి గుడిలోనే యుంచితిమి. పందిరిలోని కుంభమును తీసివేసితిమి. ఇప్పుడా మూల చిలుక యున్నది.